మొదటిది ఎవరూ కొనుక్కోరు

ప్రతి ఏటా జూన్ 26 దగ్గర పడుతుండగానే మన హాస్టళ్ళకు ఒక కబురు వస్తుంది. మాదకద్రవ్యాల వ్యతిరేక దినం, పిల్లల్ని ర్యాలీకి పంపించండి అని. ఐక్యరాజ్యసమితి 1987లో నిర్ణయించిన రోజు అది. స్కూళ్ళు తెరిచి పదిహేను రోజులు కూడా కావు. నోటుపుస్తకాలు ఇంకా రావు గానీ ఫ్లెక్సీ మాత్రం వస్తుంది. తొలకరి చినుకుల్లో వరుస కట్టి బజారు చుట్టి, సెంటర్లో నిలబడి చెయ్యి ముందుకు చాచి ప్రతిజ్ఞ చేసి, బిస్కెట్ ప్యాకెట్ తీసుకుని తిరిగి వస్తాం. ఆరో తరగతి నుండి ఆ వరుసలో నడిచినవాళ్ళం కాబట్టి మాకు తెలుసు, ఆ ఉపన్యాసాల్లో ఒక మాట ఎప్పుడూ తప్పదు: "చెడు స్నేహాలకు దూరంగా ఉండండి."

మంచి మాటే. అయితే ఆ చెడు స్నేహితుడు ఎలా ఉంటాడో ఏ సారూ చెప్పలేదు. సినిమాల్లో అయితే ఎర్రటి కళ్ళతో, గళ్ళ లుంగీతో, గోడ చాటున నిలబడి పిలుస్తాడు. మా ఎరుకలో అలాంటివాడు ఒక్కడూ రాలేదు. వచ్చినవాళ్ళందరినీ మేము అన్నా అని, బావా అని, మామా అని పిలిచేవాళ్ళం. మా చుట్టూ పెరిగిన పిల్లల్లో మొదటి బీడీ గానీ, మొదటి గుక్క గానీ, మొదటి దమ్ము గానీ డబ్బు పెట్టి కొనుక్కున్నవాడు మాకు కనిపించలేదు. ఎవరో ఒకరు ప్రేమగా చేతికి ఇచ్చిందే. ఆ ఇవ్వడం గురించే ఈ నాలుగు మాటలు రాయాలనుకున్నాం.

మేము అంటే, 2014 జూన్‌లో భద్రాచలంలో ఆరో తరగతిలో చేరి ట్రంకుపెట్టెలు పక్కపక్కన పెట్టుకుని పెరిగిన పదకొండు మందిమి. దుమ్ముగూడెం, చర్ల, బూర్గంపాడు, చింతూరు, వి.ఆర్.పురం వైపు ఊళ్ళ వాళ్ళం. మేము చేరిన ఏడాదే పోలవరం ముంపు పేరుతో ఏడు మండలాల ఊళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. మాలో కొందరికి ఇల్లు ఒక రాష్ట్రంలో, హాస్టల్ ఒక రాష్ట్రంలో అయింది. 2016లో ఖమ్మం జిల్లా కూడా విడిపోయి, భద్రాచలం కొత్తగూడెం జిల్లాలోకి పోయింది. ఊళ్ళు ఎటు పోయినా మా పెట్టెలు మాత్రం కదలలేదు. ఇప్పుడు మాకు ఇరవై మూడేళ్ళు. ముగ్గురం పీజీలో ఉన్నాం. ఎవరి ఇంట్లో వాళ్ళం డిగ్రీ పట్టా తెచ్చిన మొదటివాళ్ళం. చేతిరాత ఒకరిదే గానీ మాట అందరిదీ కాబట్టి 'మేము' అనే రాస్తున్నాం.

ముందు ఇంటి సంగతి. మా వైపు మత్తు ఎక్కడి నుండో దిగుమతి కానక్కరలేదు. ఇంటి చూరు కిందే ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో తునికాకు కోస్తారు. యాభై ఆకులు ఒక కట్ట. మాలో చాలామందికి యాభై దాకా లెక్క పలక మీద కంటే ముందు తునికాకు కట్టల దగ్గరే వచ్చింది. ఆ ఆకే బీడీ అవుతుంది. అమ్మకు నాలుగు డబ్బులు తెచ్చే ఆకు అదే, తాతకు దగ్గు తెచ్చే ఆకూ అదే. అంతకు ముందు ఇప్పపువ్వు రాలుతుంది. చీకటితో లేచి, పశువులు రాకముందే ఏరుకురావాలి. కోయ ఇళ్ళల్లో ఆ పువ్వుతో సారా కాస్తారు. పండుగకు కావాలి, పెళ్ళికి కావాలి, చావుకు కావాలి. ముందు వేల్పులకు, చనిపోయిన పెద్దలకు నేల మీద ధార పోసి ఆ తర్వాతే మనుషులు తీసుకుంటారు. ఆకు డొప్పలో ఎవరికి ఎంత పోయాలో పెద్దమనిషి చూస్తాడు. తాగి గొడవ చేస్తే తెల్లవారి నలుగురిలో కూర్చోబెట్టి అడిగేవాళ్ళు ఉంటారు. అది మంచిదని మేము వాదించడం లేదు. అక్కడా తాగి చెడినవాళ్ళను చూశాం. కానీ దానికి ఒక వేళ ఉండేది, అడిగేవాళ్ళు ఉండేవాళ్ళు.

బెల్టు షాపు వచ్చాక అడిగేవాళ్ళు పోయారు. నల్లబెల్లం, నవసారం, పటిక వేసి కాసే గుడుంబకు వేల్పూ లేదు, పెద్దమనిషీ లేడు. కిరాణా కొట్టులో ఉప్పు ప్యాకెట్ పక్కనే క్వార్టర్ సీసా దొరుకుతుంది. పొద్దున ఆరింటికి కూడా తలుపు తీస్తారు. ఒక్కడే వచ్చి, నిలబడి, మింగి పోవచ్చు. కల్లు సంగతీ అంతే. మా వైపు తాటికల్లు, జీలుగుకల్లు చెట్టు మీది నుండి దిగిందే తాగుతారు. మైదాన జిల్లాల డిపోల్లో కల్లులో అల్ప్రాజోలం, డైజిపాం వంటి మత్తుమందులు కలిపారు. 2015లో ప్రభుత్వం దాడులు పెంచి ఆ కల్తీ ఆగినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ వైపు జనం చేతులు కాళ్ళు వణుకుతూ, పొంతన లేని మాటలు మాట్లాడుతూ ఆసుపత్రులకు వచ్చారు. పాపం, వాళ్ళు తాము తాగుతున్నది కల్లే అనుకున్నారు.

మా పదకొండు మందిలో నలుగురు హాస్టల్‌లో చేరడానికి కారణం నాన్న తాగుడు. కళ్ళ ముందు ఉంటే పిల్లాడు ఆగమైపోతాడని అమ్మలు చెయ్యి పట్టుకుని తెచ్చి వదిలిపెట్టారు. అంటే తాగుడు నుండి తప్పించడానికే మమ్మల్ని ఇక్కడికి పంపారన్నమాట. అక్కచెల్లెళ్ళకు ఆ అవకాశం కూడా తక్కువ. నాన్న తాగి అప్పు చేస్తే ఆ అప్పు అక్క పెళ్ళి దగ్గర తేలేది. పదో తరగతి అయిన పిల్లకు సంబంధం చూసేవారు. మత్తు గురించి మాట్లాడేటప్పుడు అందరూ మగపిల్లల గురించే మాట్లాడతారు. దాని ఖర్చు మాత్రం ఆడపిల్లల చదువులోంచి పోతుంది.

పీజీలో సమాజశాస్త్రం చదువుతుండగా హోవార్డ్ బెకర్ అనే అమెరికా పండితుడి పేరు వచ్చింది. గంజాయి తాగేవాడు ఎలా తయారవుతాడు అని ఆయన 1953లో ఒక వ్యాసం రాశాడు. అప్పటిదాకా చాలామంది అలాంటివాడి బుద్ధిలోనో మనసులోనో ఏదో లోపం ఉంటుందని వెతికేవారు. బెకర్ యాభై మందితో కూర్చుని మాట్లాడాడు. దమ్ము ఎలా పీల్చాలో, అది ఎక్కిందని ఎలా తెలుసుకోవాలో, ఎక్కినదాన్ని సుఖమని ఎలా అనుకోవాలో, ఈ మూడూ మనిషి పక్కవాళ్ళ దగ్గరే నేర్చుకుంటాడని తేల్చాడు. నిజమే కదా. మొదటిసారి తల తిరుగుతుంది, గొంతు ఎండుతుంది, భయం వేస్తుంది. ఇది బాధ కాదు సుఖమే అని చెప్పడానికి ఒక గురువు కావాలి. ఇంగ్లీషు పుస్తకంలో అది చదువుతూ మేము ఒకరి మొహం ఒకరం చూసుకుని నవ్వుకున్నాం. గోదావరి కరకట్ట మీద, మిర్చి కల్లాల దగ్గర ఇదే పాఠం జరగడం ఎన్నిసార్లు చూశామో! దగ్గి దగ్గి కళ్ళల్లో నీళ్ళు పెట్టుకున్న పిల్లాడి వీపు నిమిరి, "ఫస్టు అట్లనే ఉంటదిరా, ఏం కాదు" అనే అన్న ఒకడు అక్కడ ఉంటాడు. సగం మత్తు ఆ వీపు నిమరడంలోనే ఉందని మా అభిప్రాయం.

హాస్టల్ పిల్లలకు ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. పదకొండేళ్ళ పిల్లాడు అమ్మను వదిలి వచ్చి మొదటి రాత్రి ముసుగులో ఏడుస్తుంటే దగ్గరికి వచ్చేది వార్డెన్ సారు కాదు, సీనియర్ అన్న. సబ్బు అరిగిపోతే సగం కోసి ఇస్తాడు. జ్వరం వస్తే పీహెచ్‌సీకి తీసుకుపోతాడు. భాగహారాలు చెబుతాడు, కొట్టేవాళ్ళ నుండి కాపాడతాడు. అలాంటి అన్న ఒకరోజు గుట్కా ప్యాకెట్ చించి సగం నీ అరచేతిలో పోస్తే వద్దని ఎలా అంటావు? గుట్కాను కాదంటే అన్నను కాదన్నట్టే. మన ఉమ్మడి రాష్ట్రంలో గుట్కా అమ్మకాన్ని 2013లోనే నిషేధించారు. ఆ తర్వాత పాన్ మసాలా ఒక ప్యాకెట్‌లో, పొగాకు ఇంకో ప్యాకెట్‌లో పెట్టి అమ్మారు. కలుపుకునే పని కొనేవాడికి వదిలారు. మా అదృష్టం ఏమిటంటే మా సీనియర్లలో ఒకాయన వాలీబాల్ పిచ్చివాడు. ఆయన చుట్టూ తిరిగినవాళ్ళకు సాయంత్రమంతా బంతి అందించడంతోనే సరిపోయేది. ఆయనకు ఉపన్యాసాలు రావు. "దమ్ము కొడితే సర్వీసు నెట్టు దాటదురా" అనేవాడు, అంతే. అదే ఏడాది పక్క గది వాళ్ళకు దొరికిన అన్న వేరు. వాళ్ళ కథ వేరుగా నడిచింది. రెండు గదుల పిల్లల ఇళ్ళూ ఒకటే, తిండీ ఒకటే, తెలివీ ఒకటే.

ఇక సినిమాలు, సెల్‌ఫోన్లు. హీరో గ్లాసు ఎత్తితే ఈల వేసేవాళ్ళం మనమే, కింద చిన్న అక్షరాల్లో హెచ్చరిక చదివేవాడు ఎవడూ లేడు. దాని గురించి ఇప్పటికే చాలామంది రాశారు. మాకు బాధ వేసేది ఇంకోటి. 2017 జూలైలో హైదరాబాద్‌లో సినిమావాళ్ళను ఎక్సైజు సిట్ విచారణకు పిలిచినప్పుడు ఎవరు ఏ కారులో వచ్చారు, ఏ చొక్కా వేసుకున్నారు అని టీవీలు రోజుల తరబడి చూపించాయి. కేంద్ర సామాజిక న్యాయ శాఖ ఎయిమ్స్ వారి చేత చేయించిన సర్వే 2019లో వచ్చింది. దేశంలో 10 నుండి 75 ఏళ్ళ వారిలో మద్యం తాగేవారు 14.6 శాతం, గంజాయి, భంగు వంటివి వాడేవారు 2.8 శాతం అని అందులో ఉంది. అన్ని మత్తుల్లోనూ పెద్దల వాటా ఎక్కువ, ఒక్కదాంట్లో తప్ప. పంక్చర్ సొల్యూషన్ లాంటివి పీల్చే మత్తులో మాత్రం పెద్దల కంటే పిల్లల శాతం ఎక్కువ. స్టేషన్ల దగ్గర, బస్టాండ్ల దగ్గర కాగితాలు ఏరుకునే పిల్లల మత్తు అది. దాని మీద రోజుల తరబడి చర్చ జరిగినట్టు మాకు గుర్తు లేదు.

మా దారి సంగతి కూడా చెప్పాలి. ఆంధ్రా ఒడిశా సరిహద్దు కొండల్లో గంజాయి పండుతుంది. మల్కన్‌గిరి వైపు నుండి, సీలేరు వైపు నుండి దిగే సరుకు చింతూరు మీదుగా భద్రాచలం చేరి, గోదావరి వంతెన దాటి, కొత్తగూడెం, ఖమ్మం రోడ్ల మీదుగా హైదరాబాదుకు, ఆపై ఇంకా దూరానికి పోతుంది. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర ఆంధ్రప్రదేశ్ పోలీసులు తగలబెట్టిన గంజాయి ఒక్కటే సుమారు 2 లక్షల కిలోలు. పట్టుబడ్డదే అంత అయితే దాటిపోయింది ఎంతో ఊహించుకోండి. కొండ మీద పండించేవాడు పేదవాడు. పట్నంలో కొనేవాడు ఎవడో మాకు తెలియదు. నడుమ మోసేవాడు కావాలి. వాడికి రోడ్డు తెలిసి ఉండాలి, బండి నడపడం వచ్చి ఉండాలి, ఇంటి దగ్గర అప్పు ఉండాలి. మా వైపు పద్దెనిమిది, ఇరవై ఏళ్ళ పిల్లలకు ఈ మూడు అర్హతలూ ఉన్నాయి. సరుకు సొంతదారు ఎప్పుడూ బండి మీద ఉండడు.

మా పదకొండోవాడి గురించి ఇక్కడే చెప్పాలి. పేరు చెప్పం, ఊరు చెప్పం. లెక్కల్లో మా అందరికంటే ముందుండేవాడు. పరీక్షల ముందు రాత్రి మా అందరికీ వాడే సారు. 2020 మార్చిలో కరోనా వల్ల హాస్టళ్ళు మూసినప్పుడు మేము ఇంటర్ మొదటి సంవత్సరంలో ఉన్నాం. వారం రోజులే కదా అని పెట్టెలు అక్కడే వదిలి రెండు జతల బట్టలతో ఇళ్ళకు పోయాం. తర్వాత ఆన్‌లైన్ క్లాసులు అన్నారు. వాడి ఊళ్ళో సిగ్నల్ కావాలంటే నీళ్ళ ట్యాంకు ఎక్కాలి, ఫోను కావాలంటే పక్కింటివాళ్ళను బతిమాలాలి. ఒక నెల ఎక్కాడు. ఆ తర్వాత మిర్చి కోతలకు పోయాడు. అక్కడి నుండి ఖమ్మం మార్కెట్ యార్డుకు బస్తాలు తోలే లారీ మీద క్లీనరుగా కుదిరాడు. డ్రైవరును అన్నా అనేవాడు. రాత్రి బండిలో నిద్ర పట్టకుండా ఆ అన్న ఒక దమ్ము ఇచ్చేవాడు.

హాస్టళ్ళు మధ్యలో కొన్నాళ్ళు తెరిచి మళ్ళీ మూశారు. సరిగ్గా తెరిచేసరికి 2021 చివరికి వచ్చింది. ఆ ఏడాది ఇంటర్ రెండో సంవత్సరం వాళ్ళను పరీక్ష లేకుండానే పాస్ చేశారు. మావాడు ఫీజు కట్టలేదు కాబట్టి ఆ పాసు కూడా వాడికి దక్కలేదు. మేము ఫోన్లు చేశాం. మాలో ఇద్దరం వాళ్ళ ఊరు పోయి ఒక పూట ఉండి వచ్చాం. "ఈ సీజన్ అయినంక వస్తరా" అన్నాడు. సీజన్లు రెండు పోయాయి.

2023లో ఒక తెల్లవారుజామున చెక్‌పోస్టు దగ్గర దొరికాడు. బండి వాడిది కాదు, సరుకు వాడిది కాదు. ట్రిప్పుకు ఐదు వేలు ఇస్తామన్నారట. సంచుల్లో ఉన్నది ఇరవై కిలోలు దాటింది. 1985 నాటి ఎన్.డి.పి.ఎస్. చట్టం లెక్క ఏమిటంటే, గంజాయి కిలో లోపు ఉంటే చిన్న మొత్తం, 20 కిలోలు దాటితే వాణిజ్య మొత్తం. వాణిజ్య మొత్తం కింద నేరం రుజువైతే పదేళ్ళకు తగ్గని జైలు, లక్షకు తగ్గని జరిమానా. బెయిలు దొరకడమూ కష్టమే. ఇరవై కిలోల లోపుకు, ఇరవై దాటినదానికి నడుమ ఇంత తేడా ఉందని లెక్కల్లో ఫస్టు వచ్చినవాడికి ఎవరూ చెప్పలేదు. సంచి కట్టి ఇచ్చినవాడికి మాత్రం తెలిసే ఉంటుంది.

ములాఖత్‌కు ఇద్దరం పోయాం. జాలీ అవతల నుండి వాడు మొదట అడిగింది, "మెస్‌ల ఇంక ఆ పప్పు నీళ్ళే పోస్తున్నరా?" అని. అందరం నవ్వాం. కాసేపటికి అన్నాడు: "ఆళ్ళు నన్ను తాగమని ఎన్నడు బలవంతం చెయ్యలేదురా. తిన్నవారా అని అడిగేటోళ్ళు. ఆ యాడాది నన్ను తిన్నవా అని రోజు అడిగింది ఆళ్ళే." వాళ్ళమ్మ కూలికి పోయి చీకటి పడ్డాక ఇంటికి వచ్చేది. ఆ వేళకు వీడు బండి ఎక్కి ఉండేవాడు. తల్లీకొడుకులు ఒకే ఇంట్లో ఉంటూ వారానికి ఒకసారి చూసుకునేవాళ్ళు. ఇప్పుడు నెలకు ఒకసారి చూసుకుంటున్నారు.

ఈ కేసు తర్వాత ఊళ్ళో కుర్రాళ్ళందరికీ ఒక పేరు వచ్చింది, గంజాయి బ్యాచ్ అని. జుట్టు పెంచితే గంజాయి బ్యాచ్. నలుగురు కరకట్ట మీద కూర్చుంటే గంజాయి బ్యాచ్. ఖమ్మంలో అద్దె గది కోసం తిరిగినప్పుడు ఏ ఊరు అని అడిగేవారు, భద్రాచలం వైపు అంటే మొహం మారేది. ఎవరి పిల్లలు అని ఇంకో ప్రశ్న వేసేవారు, దానికి జవాబు విన్నాక తాళంచెవి లోపలికి పోయేది. పదకొండు ఇళ్ళు తిరిగాక పన్నెండో ఇంట్లో ఒక రిటైర్డు టీచరమ్మ ఇచ్చింది. బెకర్ 1963లో ఇంకో పుస్తకంలో ఈ సంగతీ రాశాడు. ఒకడికి సమాజం ఒక పేరు తగిలించి దూరం పెడితే, వాడికి మిగిలే చోటు ఆ పేరున్న వాళ్ళ మధ్యనే. మా ఊరి పిల్లలను బజారంతా వెళ్ళగొట్టినా "రారా కూచో" అనేది ఎవరో ఆలోచించండి.

దీనికి తిరుగు కూడా నిజమేనని చూపే ఉదాహరణ ఒకటి ఉంది. వియత్నాం యుద్ధంలో ఉన్న అమెరికా సైనికుల్లో దాదాపు ఐదుగురిలో ఒకరు హెరాయిన్ వంటి మందులకు బానిసయ్యారు. వీళ్ళంతా ఇళ్ళకు వస్తే దేశం ఏమవుతుందోనని అక్కడి ప్రభుత్వం హడలిపోయింది. 1971లో తిరిగి వచ్చినవారిని లీ రాబిన్స్ అనే పరిశోధకురాలు వెతికి పట్టుకుని మాట్లాడింది. అక్కడ బానిసలైనవారిలో ఇంటికి వచ్చిన మొదటి ఏడాది మళ్ళీ బానిసలైనవారు నూటికి ఐదుగురు మాత్రమే. అక్కడ చవగ్గా దొరికినట్టు ఇక్కడ దొరకదు, అది ఒక కారణం. చుట్టూ ఉన్న మనుషులు మారారు, చేసే పని మారింది, అది ఇంకో కారణం.

ఐస్‌లాండ్ అని చిన్న దేశం ఉంది. 1998లో అక్కడ పదిహేను, పదహారేళ్ళ పిల్లల్లో గడిచిన నెల రోజుల్లో తాగి తూలినవారు 42 శాతం. 2016 నాటికి 5 శాతం. వాళ్ళు చేసింది ఏమిటని చూస్తే, సాయంత్రాలు ఆటలకు, పాటలకు డబ్బు ఇచ్చారు. పిల్లలు రాత్రి ఎంతసేపు బయట ఉండవచ్చో హద్దు పెట్టారు. తల్లిదండ్రులను బడికి పిలిచి, పిల్లలతో గడపండని ఒప్పించారు. అది డబ్బున్న దేశం, మనకు వాళ్ళతో పోలిక ఏమిటని మీరు అనవచ్చు. మేమూ అనుకున్నాం. కానీ ఆ పద్ధతి చదువుతుంటే మాకు మన హాస్టల్ గోడ మీది టైంటేబులు గుర్తుకు వచ్చింది. ఐదింటికి లేపడం, సాయంత్రం గ్రౌండు, ఆరున్నరకు స్టడీ అవరు, తొమ్మిదికి హాజరు. తిట్టుకుంటూ పాటించాం. ఐస్‌లాండ్ వాళ్ళు కోట్లు పెట్టి చేసింది మనకు పప్పు నీళ్ళతో పాటు ఉచితంగా వచ్చింది.

మనవాళ్ళ ఉదాహరణ కావాలంటే దూబగుంట ఉంది. 1992లో నెల్లూరు జిల్లాలోని ఆ ఊళ్ళో రాత్రిబడికి వచ్చిన ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. వర్ధినేని రోశమ్మ అనే మామూలు పల్లె మనిషి దూబగుంట రోశమ్మగా రాష్ట్రమంతా తెలిసింది. ఉద్యమం జిల్లాలు దాటింది. 1993 అక్టోబర్ 1 నుండి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధమే వచ్చింది, 1997లో అది పోయింది. చట్టం వచ్చిపోయిన సంగతి పుస్తకాల్లో ఉంటుంది. మాకు పట్టుకున్నది వేరే. తాగుబోతు భర్తలతో వాళ్ళు పెళ్ళయిన నాటి నుండీ వేగుతున్నారు. ఎవరి ఇంట్లో వాళ్ళు ఏడ్చినంత కాలం ఏమీ కాలేదు. సాయంత్రం పలకలు పట్టుకుని ఒకచోట కూర్చోవడం మొదలైన తర్వాతే దుకాణం మూతపడింది.

ఎవరి ఇంట్లోనైనా మానాలనుకునేవాళ్ళు ఉంటే రెండు మాటలు. ఏళ్ళ తరబడి రోజూ తాగినవారు ఒక్కసారిగా ఆపితే వణుకు, ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. డాక్టరుకు చూపించి ఆయన చెప్పినట్టు మానాలి. కేంద్ర ప్రభుత్వ ఉచిత నంబరు 14446 ఉంది. గంజాయి అలవాటు ఉన్నవాడు ఆసుపత్రికి పోతే పోలీసులు పట్టుకుంటారని మా ఊళ్ళల్లో భయం ఉంది. తన వాడకం వల్ల గానీ, చిన్న మొత్తం వల్ల గానీ కేసులో ఉన్న బానిస తనంతట తాను ప్రభుత్వం గుర్తించిన చోట చికిత్సకు వస్తే ప్రాసిక్యూషన్ నుండి రక్షణ ఇచ్చే సెక్షన్ 64ఎ ఆ చట్టంలోనే ఉంది. ఊళ్ళల్లో పెద్దలకు చెప్పండి.

ఇక అసలు విన్నపం. హాస్టల్ తెరిచి ఉన్న పదిన్నర నెలల గురించి మాకు పెద్దగా దిగులు లేదు. మూసి ఉండే నెలన్నర గురించే దిగులు. ఏప్రిల్ చివర గేటుకు తాళం పడుతుంది, జూన్ రెండో వారంలో తీస్తారు. టెన్త్, ఇంటర్ తప్పినవారి సప్లిమెంటరీ పరీక్షలు దాదాపు ఆ రోజుల్లోనే పడతాయి. పాసైనవాడికి అది వేసవి సెలవు. తప్పినవాడికి ఇంట్లో మొహం చెల్లదు, ఊళ్ళో ఎదురుపడినవాడల్లా మార్కులు అడుగుతాడు, చదువుదామంటే దీపం కింద చోటు ఉండదు. మిర్చి లారీల మేస్త్రీలు కుర్రాళ్ళ కోసం వచ్చేదీ, తునికాకు డబ్బులతో బెల్టు షాపులు కళకళలాడేదీ ఆ ఎండల్లోనే. సప్లిమెంటరీ రాసే పిల్లల కోసం ఆ నెలన్నరా ఒక్క గది, ఒక్క పొయ్యి తెరిచి ఉంచమని వార్డెన్ సారును, పై అధికారులను పూర్వవిద్యార్థుల తరఫున అడిగాం. కాగితం పైకి పోయింది అన్నారు. కాగితం దిగి వచ్చేదాకా ఊరుకోలేక, ఖమ్మంలో మా టీచరమ్మ గారి ఇంట్లోనే ఇంకో గది తీసుకున్నాం. పోయిన వేసవిలో ఆరుగురు తమ్ముళ్ళు ఉన్నారు. నలుగురు గట్టెక్కారు. ఇద్దరు మళ్ళీ తప్పారు, వాళ్ళు ఇంకా మాతోనే ఉన్నారు.

ఈసారి పదిమందికి చోటు ఉంది. తప్పినవాళ్ళ పేర్లు ఫలితాలు వచ్చిన రోజే వాచ్‌మన్ తాతకు చెప్పండి, ఆయన మాకు ఫోన్ చేస్తాడు. చాప, పళ్ళెం, గ్లాసు తెచ్చుకోవాలి. బియ్యం మేము చూసుకుంటాం. వంట వంతుల వారీగా, పాచి పని కూడా అంతే. తెలుగు, ఇంగ్లీషు, సాంఘికం మేము చెబుతాం. లెక్కలు చెప్పేవాడు మాత్రం ప్రస్తుతం మా దగ్గర లేడు. డిగ్రీ కాలేజీ సారు ఒకాయన ఆదివారాలు వస్తానన్నారు.